జానెడు తక్కువ కర్ర

మా తోడల్లుడికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఈ మాట గత రెండేళ్ళలో ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్ళు "ఎంత మంచి పని చేశారండీ" అంటారు. కొరివితో తల గోక్కున్నవాణ్ణి పట్టుకుని ఎంత చక్కగా గోక్కున్నావని మెచ్చుకున్నట్టుంటుంది నాకు.

ముందు నా పని గురించి చెప్పాలి, ఎందుకంటే అది ఎవరికీ తెలియదు. నలభై రెండు దుకాణాలు, రెండు బ్యాంకులు, ఒక సినిమా హాలు ఉన్న కాంప్లెక్సు మాది. దాని ముందు మూడువందల కార్లు పట్టే పార్కింగు. వాన పడిందంటే ఆ నేల మీది ఇంజనాయిలు, టైర్ల నుంచి రాలిన నల్లపొడి, సిగరెట్టు పీకలు అన్నీ నీళ్ళతో బయల్దేరతాయి. ఆ నీళ్ళు అలాగే వెళ్ళి వెనక కాలవలో కలవకూడదు. అందుకని దారిలో తొమ్మిది గుంటలు కట్టారు. గుంటలో బురద అడుక్కి దిగుతుంది, నూనె పైకి తేలి అడ్డుగోడ దగ్గర ఆగుతుంది, మధ్యలోని నీరు ఇసుక గదిలో వడకట్టుకుని రెల్లు పెంచిన కుంటలోకి చేరుతుంది. అక్కణ్ణుంచి కాలవలోకి. పంతొమ్మిదేళ్ళుగా వాటిని చూసేది నేను. ఈ పని సరిగ్గా జరిగితే కంటికి ఏమీ కనబడదు. ఏదైనా కనబడిందంటే పని జరగలేదన్నమాట. అందుకే దుకాణాలవాళ్ళకి నా పేరు కూడా తెలియదు, "గుంటలాయన" అంటారు.

మా తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. వాడు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడితే మా ఆవిడ నెలరోజులు నా చెవిలో జోరీగ అయింది. సరేనని మేనేజరుతో చెప్పి నా కింద పెట్టించాను. నోట్లో నాలుక లేనివాడు కదా, జాలీ మూతలు ఎత్తి దించుతూ పడి ఉంటాడనుకున్నాను. పైకి "అతను" అంటాను, మనసులో మాత్రం "వాడు" అనే అంటాను. ఇక్కడా అంతే.

ఆరు నెలలు తిరక్కుండా వాడు మేనేజరు గదిలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. వాడి చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ప్రతి గుంటనీ శుభ్రం చేయకముందు ఒక ఫోటో, చేశాక ఒక ఫోటో తీస్తాడు. పంతొమ్మిదేళ్ళు నేను ఎత్తిపోసిన బురదని ఒక్కడూ చూడలేదు. వాడు ఫోటో తీసిన బురద ఫ్రేము కట్టుకుని మేనేజరు గోడ మీదికెక్కింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా.

ఇంటి దగ్గరైనా సుఖం ఉందా అంటే అదీ లేదు. ఆదివారం అత్తగారింట్లో భోజనం. మామగారు పక్కింటాయన్ని పిలిచి ఫోనులో చిన్నల్లుడు టోపీ పెట్టుకుని గుంట పక్కన నిలబడ్డ ఫోటో చూపించారు. ఆ ఫోటోలో మూలన కనబడే మోచెయ్యి నాది. అత్తగారు వడ్డిస్తూ వడ్డిస్తూ నా దగ్గర ఆగారు.

"బాబూ, స్నానం చేసే వచ్చారా? ఏదో వాసనొస్తేనూ."

మూడుసార్లు సబ్బు రుద్దుకుని వచ్చాను. ముందురోజు వాడూ నేనూ దిగింది ఒకే గుంటలో. వాడి దగ్గర ఏ వాసనా రాలేదట. మా మరదలు నవ్వింది. మా ఆవిడ నా వైపు చూసి, ఏమీ అనొద్దన్నట్టు కళ్ళతోనే చెప్పింది. నేను పప్పు కలుపుకున్నాను. ఇంటికొచ్చి నాలుగోసారి సబ్బు రుద్దుకున్నాను.

ఇలా ఉండగా మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. "వచ్చే నెల నీటి ఆఫీసరమ్మ తనిఖీకొస్తున్నారు. ఇక మీదట ఈ గుంటలకి ఇంచార్జి అంటూ ఒకరుండాలిట. తనిఖీ అయ్యాక పంపు గది తలుపు మీద ఆ పేరు రాయిస్తా. ఎవరో నేను ఆలోచిస్తాను. ఈసారికి కొలతలు ఈ చిన్నాయన తీస్తాడు, మీరు మూతలూ రెల్లూ చూసుకోండి."

మూతలూ రెల్లూ. పంతొమ్మిదేళ్ళ తర్వాత నాకు మిగిలినవి. ఆ తలుపు మీద నా పేరు ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే. అన్నం తింటున్నా, దారిన నడుస్తున్నా ఆ నీలం తలుపే కళ్ళముందు. దాని మీద వాడి పేరు ఊహించుకుంటే ముద్ద దిగేది కాదు.

కొలతలకి నా దగ్గర ఒక కర్ర ఉంది. నిలువెత్తు కన్నా పొడుగైన కర్ర, అడుగున గిన్నెమూతంత రేకు. దాన్ని గుంటలోకి మెల్లగా దించితే రేకు బురద మీద ఆగుతుంది. గుంట అంచు దగ్గర కర్ర మీద ఏ గుర్తుందో చూడాలి. అంచు నుంచి అడుగు దాకా ఏ గుంటైనా పది జానలు. కర్ర ఏడు జానల కన్నా తక్కువ దిగిందంటే బురద మూడు జానలు దాటిందని, అంటే వెంటనే లారీ పిలిచి లాగించాలని అర్థం. జానెడుకో గుర్తు చొప్పున నా చేత్తో కొలిచి, పక్కన అంకెతో సహా కత్తితో కోసినవే అవన్నీ.

మూడేళ్ళ కిందట ఆ కర్ర ఒక జాలీలో ఇరుక్కుని అడుగున సరిగ్గా జానెడు విరిగింది. విరిగిన చోటే రేకుని మళ్ళీ మేకులతో బిగించాను. గుర్తులూ అంకెలూ మార్చలేదు. కర్ర ఏడు అంటే నేను ఆరు అని రాసుకుంటాను. విరిగిన జానెడు నా తలలో ఉంది, కర్రకి లేకపోతే ఏం పోయింది అనుకున్నాను. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

తనిఖీకి రెండు వారాల ముందు వాడు నా దగ్గరికొచ్చాడు. మేనేజరు వాడికి ఎర్రదీపంతో దూరం కొలిచే యంత్రం కొనిచ్చాడు. అది చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా, మీ కర్ర ఒకసారి ఇస్తారా?"

"నీ ఎర్రదీపానికి ఏమొచ్చింది?"

"నీళ్ళ మీదే ఆగిపోతోందన్నయ్యా, బురద దాకా దిగట్లేదు. మీ కర్రకున్న తెలివి దీనికి లేదు."

వాడు నిజంగానే అన్నాడు. నాకు మాత్రం దెప్పినట్టు వినబడింది. గోడకి ఆనించిన కర్ర తీసి చేతికిచ్చాను.

"అంకెలు కింది నుంచే కదా?"

"కింది నుంచే."

అబద్ధమేమీ ఆడలేదు. వాడు ఇంకేమీ అడగలేదు, నేను ఇంకేమీ చెప్పలేదు. కర్ర భుజాన వేసుకుని వెళ్ళిపోతుంటే వెనక నుంచి చూస్తూ నిలబడ్డాను. పిలవడానికి కావలసినంత సమయం ఉంది.

సాయంత్రం రిజిస్టరు తిరగేశాను. నాలుగో గుంట: ఏడున్నర జానలు, శుభ్రం చేయనక్కర్లేదు. గుండ్రటి అక్షరాలు, కింద గీత. అందులోంచి జానెడు తీస్తే ఆరున్నర. అంటే బురద మూడున్నర జానలు. మిగతా ఎనిమిదీ జానెడు తీసినా హద్దులోనే ఉన్నాయి, ఈ ఒక్కటీ దాటింది. ఆఫీసరమ్మ తన కర్రతో కొలుస్తుంది, గుండ్రటి అక్షరాల బండారం బయటపడుతుంది, మేనేజరుకి అసలైన గుంటలాయన ఎవరో తెలిసొస్తుంది. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

"ఏంటండీ, ఇవాళ ఇంత హుషారు?" అంది మా ఆవిడ.

"ఆకలేసింది," అన్నాను.

తనిఖీకి మూడు రోజుల ముందు మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. నేను దుకాణాల వరండాలో నిలబడి నాలుగో గుంట వైపు చూస్తున్నాను. లోపల ఏం జరుగుతోందో మూత ఎత్తకుండానే నాకు తెలుసు. బురద పైకి లేస్తుంది, నూనె అడ్డుగోడ దాటుతుంది, ఇసుక గది పట్టలేక వదిలేస్తుంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే కుంట మీద రంగురంగుల జిడ్డు పొర. రెల్లు మొదళ్ళన్నీ నల్లగా. ఆ కుంటలో పంతొమ్మిదేళ్ళలో అలాంటిది నేను చూడలేదు. రోజూ ఒడ్డున నిలబడే కొంగ ఆరోజు అవతలి గోడ మీద కూర్చుని ఉంది.

వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఇదెక్కణ్ణుంచి వస్తోందన్నయ్యా? గుంటలన్నీ బాగానే ఉన్నాయే. ఒక్కటి కూడా హద్దు దాటలేదు."

"చూద్దాం," అన్నాను.

వాడు మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, నూనె పీల్చే గుడ్డలతో సాయంత్రం దాకా ఆ జిడ్డు ఎత్తాడు. నేనూ దిగాను. ఆ కుంట నాది, దిగకుండా ఎలా ఉంటాను. కర్ర సంగతి నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చింది, ప్రతిసారీ మింగేశాను. ఇంకో రెండు రోజులే కదా అనుకున్నాను. రెల్లు మొదళ్ళు ఒక్కొక్కటీ గుడ్డతో తుడుస్తున్న వాడి వీపు చూసి కూడా అలాగే అనుకున్నాను.

తనిఖీ రోజు ఆఫీసరమ్మ రబ్బరు బూట్లు వేసుకుని, మడతపెట్టే కొలబద్ద సొంతంగా తెచ్చుకుంది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మేనేజరు రిజిస్టరు ఆమె చేతికిస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంచార్జి ఈయనేనండీ. పంతొమ్మిదేళ్ళ అనుభవం."

నాకు అర్థం కాలేదు. రిజిస్టరు మొదటి పేజీ చూశాను. ఇంచార్జి అన్నచోట నా పేరు ఉంది. గుండ్రటి అక్షరాలతో, కింద గీత. మేనేజరు నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "నేను ముందు చిన్నాయన పేరే అనుకున్నానండీ. అతనే ఒప్పుకోలేదు. అన్నయ్య ఉండగా నా పేరు రాస్తే పని మానేస్తానన్నాడు. రెండు వారాలైంది. తనిఖీ అయ్యేదాకా మీకు చెప్పొద్దన్నాడు, తలుపు మీద చూసుకుంటారని."

రెండు వారాలు. వాడు నా కర్ర అడిగిన వారమే.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నాలుగో గుంట మూత నేనే ఎత్తాను. ఆఫీసరమ్మ కొలబద్ద దించింది, చూసింది, తీసి తుడిచి మళ్ళీ దించింది.

"మీ రిజిస్టరుకీ దీనికీ జానెడు తేడా ఉంది. బురద హద్దు దాటింది. మొన్న వానకి ఎంత మురికి బయటికెళ్ళిందో. ఇంచార్జి మీరేనా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వాడు ముందుకొచ్చాడు.

"కొలిచింది నేనండీ. అన్నయ్యకి సంబంధం లేదు. ఒక్క నిమిషం, మళ్ళీ చూస్తాను."

కర్ర తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని గుంటలోకి దించాడు. ఏడున్నర. బయటికి లాగి అడుగు నుంచి గుర్తులు లెక్కపెట్టసాగాడు. రేకు పైన మొదట కనబడిన అంకె రెండు, ఒకటి లేనే లేదు. రేకుకి కొట్టిన మేకుల మీద బొటనవేలు పెట్టి తడిమాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. అర్థమైంది అన్నట్టు మాత్రమే చూశాడు.

కర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "నేనే తప్పు చదివానండీ. కొత్తవాణ్ణి. ఏం రాసినా నా మీదే రాయండి."

రాయనిస్తే సరిపోయేది. తలుపు మీద పేరు నాదే ఉండేది, మాట వాడి మీదికి పోయేది. రెండు వారాలుగా నేను కోరుకున్నది అచ్చంగా అదే. ఆఫీసరమ్మ కలం తీసింది.

"కర్ర పొట్టిదండీ," అన్నాను. "మూడేళ్ళ కిందట జానెడు విరిగింది. అది నాకు తెలుసు. ఇతనికి తెలియదు. తెలిసే ఇచ్చాను."

మేనేజరు నా పక్కనుంచి అవతలికి జరిగాడు. ఆఫీసరమ్మ ఇద్దరి వైపూ చూసి, వారంలోగా గుంట ఖాళీ చేయించాలని, కుంట శుభ్రం చేసి మళ్ళీ కబురు పెట్టాలని రాసి సంతకం పెట్టింది. వెళ్ళేముందు మొదటి పేజీ మేనేజరు ముందు పెట్టి, "ఇక్కడ ఎవరి పేరుండాలో మీరే తేల్చుకోండి" అంది. మేనేజరు అక్కడికక్కడే తేల్చాడు.

ఇప్పుడు నీలం తలుపు మీద ఉన్నది వాడి పేరు. నేను మూతలూ రెల్లూ చూస్తాను. అత్తగారింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు, వాడు చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తలుపు దాటినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, దాచుకోను. అసూయ ఒక్కరోజులో పోయేది కాదు, గుంటలో బురదలాగా లాగిన కొద్దీ మళ్ళీ చేరుతుంది.

కుంట తేరుకున్నాక కొత్త కర్ర చేశాను. వారం పట్టింది. గట్టి కర్ర చూసి తెచ్చి, గరుకు కాగితంతో నునుపు చేసి, ఒక్కో జానకీ గుర్తు కోసి, గుర్తుల్లో తెల్లరంగు నింపాను. పొద్దున్నే పంపు గదికి తీసుకెళ్ళి వాడి చేతికిచ్చాను.

"నీకే చేశాను."

"బాగా చేశారన్నయ్యా," అన్నాడు. రెండు చేతులతో తీసుకున్నాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి, కర్రని నేల మీద పెట్టి, అడుగు నుంచి ఒక్కొక్క గుర్తూ కొలవడం మొదలుపెట్టాడు. నా మొహం వైపు చూడలేదు. మొత్తం పది గుర్తులు. పదీ కొలిచాడు.

"సరిగ్గా ఉందన్నయ్యా," అన్నాడు టేపు మడుస్తూ.

వాడు కొలిచినంతసేపూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.