చెరో పుల్ల

కారుతో పాటే కంపెనీవాళ్ళు బిగించి పంపే స్టీరియోను బయటికి తీయాలంటే రెండు ఉక్కు పుల్లలు కావాలి. స్టీరియోకి అటొకటి, ఇటొకటి, సన్నటి రంధ్రాల్లో టక్కుమనేదాకా నెట్టి, రెండింటినీ ఒకేసారి లాగాలి. ఒక పక్కే లాగితే స్టీరియో వంకర తిరిగి ఇరుక్కుంటుంది. ఇక పుల్లలు కూడా వెనక్కి రావు.

ఇదంతా తెలిసీ, బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న గొడవలో మా కారు స్టీరియోల షాపుకి మధ్యలో చెక్క అడ్డం కొట్టుకున్న రోజు, మా అన్నా నేనూ చెరో పుల్లా పంచుకున్నాం. ఆ ఆలోచన నాదే. నాకు పనికిరాకపోయినా ఫర్వాలేదు, వాడికి పనికిరాకూడదు. ముందు కొత్త జత కొన్నవాడే ఓడినట్టని, ఏడాదిగా ఇద్దరం బల్బులు, హారన్లు బిగించి నెట్టుకొస్తున్నాం. షాపు మూసెయ్యమని మా ఆవిడ నెలరోజులుగా ప్రాణం తీస్తోంది.

అలాంటప్పుడు ఒక ట్రావెల్స్ మేనేజర్ కారు తెచ్చి నా ముందు ఆపాడు.

"ఈ స్టీరియో గీత పడకుండా తీసి చూపించు. ఇంకా ముప్ఫై కార్లున్నాయి, అన్నీ నీకే."

"కొత్త పుల్లలు తెప్పించాలండీ. వారం పడుతుంది."

"వారమా? పక్క వీధిలో గంటలో తీస్తామంటున్నారు!"

చెక్క అవతల ఇదంతా విని, తన పుల్ల పట్టుకుని తగుదునమ్మా అని వచ్చేశాడు మా అన్న. వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"ఇటివ్వు," అన్నాను.

"నా పుల్ల నా చెయ్యి దాటదు. నీ పక్క నువ్వు లాగు, నా పక్క నేను లాగుతా. కార్లు చెరిసగం."

గత్యంతరం లేక ఒప్పుకున్నాను. ఇద్దరం పుల్లలు నెట్టాం. రెండు పక్కలా టక్కుమంది.

"ఇప్పుడు 'అన్నయ్యా, లాగు' అను. నిన్నగాక మొన్న పుట్టినవాడివి, ఏడాదిగా నన్ను పిలవడమే మానేశావు."

"లాగు."

"అన్నయ్యా అను."

మేనేజర్ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "ఏంటయ్యా మీ గోల? తీస్తారా, తీయరా?"

మాట గొంతుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మా అన్న నవ్వాడు, గెలిచేశానన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కణ్ణే లాగాను.

డాష్‌బోర్డు చట్‌మని పగిలింది. సగం బయటికొచ్చిన స్టీరియో వంకరగా బిగుసుకుపోయింది. ఎంత పీకినా పుల్లలు ఊడలేదు. మేనేజర్ మమ్మల్ని దింపి, నోటికొచ్చినట్టు తిట్టి, మా రెండు పుల్లలూ గుచ్చుకునే ఉన్న కారుతో వెళ్ళిపోయాడు.

"ఆ ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా?" అని మా అన్న రోడ్డు మీదే అరిచాడు.

"అడక్కుండా లాగితే నీ చెయ్యి పడిపోయేదా?" అని నేనూ అరిచాను.

ఆ నెలాఖరుకి రెండు షట్టర్లూ దిగిపోయాయి. ఆ రోజు ఆ మాట అననందుకు నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది. నన్ను చూస్తే నాకే భయమేసేది అందుకే.