ఎడంచేతి గరిటె

పైడితల్లిని చంపింది ఫోను. ఆ ఫోను రోజూ మోగించింది ఆమె చెల్లెలు నూకమ్మ. పైడితల్లి మొగుడు బంగారయ్య దృష్టిలో ఇందులో తేల్చాల్సింది ఇంకేమీ లేదు.

పెద్దకర్మ రోజున విజయనగరం నుంచి వచ్చి ఇంకా గుమ్మం దాటని నూకమ్మతో నలుగురి ముందూ అదే మాట అన్నాడు. "రోజుకో గంట మాటాడి మాటాడి మీ అప్పని సంపేసినావు. ఇంక ఈ గడప తొక్కకు." ఆమె మంచినీళ్లు కూడా తాగకుండా దుర్గ్ స్టేషనుకి వెళ్లి రైలెక్కేసింది. అది జరిగి మూడేళ్లు.

సాక్ష్యం బీరువాలో ఉంది, పసుపు కవరులో. పైడితల్లి తలకి తీసిన స్కాన్ ఫిల్ము. బంగారయ్య ఉక్కు ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు గ్యాసు పైపులకి వెల్డింగు చేసినవాడు. పెద్ద జాయింటు ప్రతిదానికీ ఎక్స్‌రే తీస్తారు. ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చూపించేలోపే ఫిల్ముని వెలుతురుకి పట్టి పగులు ఎక్కడుందో చెప్పేవాడు. అందుకే పెళ్లాం ఫిల్ము చేతికొచ్చినప్పుడు ఎవరినీ ఏమీ అడగలేదు. కిటికీకి పట్టి చూశాడు. కుడివైపున, చెవి పక్కన, ఉసిరికాయంత తెల్లటి గడ్డ. ఆమె ఫోను పెట్టుకునేది ఏ చెవికి? కుడిచెవికి. ఇక డాక్టర్లు చెప్పేదేముంది? వాళ్లేదో కొడుకు చక్రికి చెప్పారు, వాడు కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఆపరేషన్ చేసి తలంతా కట్టు కట్టారు. నాలుగో రోజున ఆమె కళ్లు తెరవకుండానే పోయింది.

ఫోను ఆమెకి మతి కూడా లేకుండా చేసిందని అతని నమ్మకం. మొగుడికి ఎడంచేత్తో గరిటె పట్టి వడ్డించే దాకా వచ్చింది. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఎన్నడూ చెయ్యని పని.

"ఫోనులో ఏటుంటాది నాన్నా, అందరూ వాడట్లేదా?" అని చక్రి ఓసారి అన్నాడు.

"గ్యాసులో ఏటుంటాది? రంగుందా, వాసనుందా?" అని బంగారయ్య నోరు మూయించాడు.

ప్లాంటులో ఏటా కూర్చోబెట్టి చెప్పిన పాఠం అది. పైపులో ఉండే గ్యాసు కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు. మొదట తలనొప్పి వస్తుంది. తలనొప్పి వచ్చిందంటే అక్కడ నిలబడొద్దు, పరుగెత్తు.

అందుకే ఆ ఉదయం మనవరాలు సాయిప్రియ నుదురు నొక్కుకుంటూ వచ్చి "తాతా, సిర్ దర్ద్" అన్నప్పుడు, అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎప్పట్నించి?"

"పది రోజులవుతాది. చోడోనా తాతా, పోతాదిలే."

పది రోజులు. పది రోజులుగా ఒకే కప్పు కింద ఉండి చూసుకోలేదు. పన్నెండో తరగతి పిల్ల, కోచింగ్ పాఠాలన్నీ ఫోనులోనే. బంగారయ్య లేచి ఆమె చేతిలో ఫోను లాక్కున్నాడు. తను డ్యూటీకి పట్టుకెళ్లిన పాత స్టీలు డబ్బా అటక మీంచి దించి, అందులో పెట్టి క్లిప్పులు బిగించాడు. గ్యాసు కారితే వాల్వు కట్టాలి. అతనికి తెలిసిన వైద్యం అదొక్కటే.

"డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఏటొస్తాది తాతా, ఇడ్లీయా?" అంది సాయిప్రియ.

కోడలు బిందుప్రియ వంటింట్లోంచి వచ్చింది. "మావయ్యా, దానికి రేపు టెస్టుంది. ఇచ్చేయండి."

"టెస్టు కావాలా, పిల్ల కావాలా?"

బిందుప్రియ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో ఆ సంగతి మీద ఎవరూ మాట్లాడి గెలిచింది లేదు.

ఆ రోజు నుంచి బంగారయ్య పిల్లని కనిపెట్టుకుని ఉన్నాడు. పుస్తకం కళ్లకి ఎంత దగ్గరగా పెట్టుకుంటోంది? గ్లాసు ఏ చేత్తో అందుకుంటోంది? చివర్లో పైడితల్లి నడుస్తూ నడుస్తూ ఒక పక్కకి ఒరిగేది, గోడ పట్టుకునేది. అది గుర్తొచ్చి, సాయిప్రియని ముందుగదిలో గచ్చు మీది గీత వెంబడి నడవమన్నాడు.

"ఎందుకు తాతా?"

"నడవమంటే నడు."

మొదటి రోజు తిన్నగా నడిచింది. రెండో రోజూ తిన్నగానే నడిచింది. మూడో రోజు పొద్దున్నే నిద్రకళ్లతో వచ్చి, నాలుగడుగులు వేసి, కుర్చీ కాలు తట్టుకుని గోడ పట్టుకుంది. నవ్వింది కూడా. బంగారయ్యకి మాత్రం ఆ గోడ మీద వేరే చెయ్యి కనిపించింది. కొడుకు షిఫ్టులో ఉన్నాడు. వాడి కోసం ఆగలేదు. బీరువా తీసి పసుపు కవరు చంకలో పెట్టుకున్నాడు.

"బయల్దేరండి. దుర్గ్ ఆస్పత్రికి" అన్నాడు కోడలితో, పిల్లతో.

ఆటోలో దారి పొడుగునా అతను పిల్ల మొహమే చూశాడు.

తలకి, నరాలకి చూసే డాక్టరమ్మ ఆమె. వయసు నలభై దాటి ఉంటుంది. హిందీలో నిదానంగా మాట్లాడుతోంది. పిల్ల కళ్లలోకి లైటు వేసి చూసింది. నడిపించింది. వేలు చూపించి ముక్కు ముట్టుకోమంది. గోడ మీద అక్షరాలు చదవమంటే సాయిప్రియ మూడో వరసలో ఆగిపోయింది.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటావు?"

"ఒంటిగంట. కభీ కభీ రెండు."

"కళ్లద్దాలు కావాలి. నిద్ర కావాలి. అంతకుమించి ఏమీ లేదు."

బంగారయ్య కదల్లేదు. "తలకి ఫోటో తియ్యండి."

"అవసరం లేదు."

"ఫోను వల్ల గడ్డ వస్తాది. పిల్లకి ఫోను అలవాటుంది."

ఆమె విసుక్కోలేదు. "చాలామంది అడుగుతారు. ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తున్నారు. ఫోను వల్ల మెదడులో గడ్డ వస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. భయంగా ఉంటే చెవిలో వైరు పెట్టుకుని, ఫోను దూరంగా ఉంచి మాట్లాడమనండి. మీ పిల్లకి ఫోను చేస్తున్న చెడు నిద్ర పాడుచెయ్యడమే."

"రుజువు నా దగ్గరుంది" అని బంగారయ్య కవరు తీశాడు. అడక్కుండానే లేచి, గోడకున్న లైటు పలక మీద ఫిల్ము పెట్టాడు. "నా భార్య. ఈ చెవికే పెట్టుకునేది, కుడిచెవికి. చూడండి, గడ్డ కుడివైపే ఉంది."

డాక్టరమ్మ దగ్గరికొచ్చి చూసింది.

"ఇది ఎడమవైపు" అంది.

"కాదు. ముప్పై నాలుగేళ్లు ఫిల్ములు చూసినాను నేను."

"ఏం ఫిల్ములు?"

"పైపులవి. వెల్డింగువి."

"ఇది పైపు కాదు కదా. మీకెదురుగా నేను నిలబడ్డాను. మీ కుడిచేతి వైపున్నది నాకు ఏ చెవి?"

బంగారయ్య ఆమె వైపు చూశాడు. తన కుడిచేతికి ఎదురుగా ఉన్నది ఆమె ఎడమచెవి. దానికి చిన్న ముత్యం పోగు ఉంది. ఆ పోగు వైపే చూస్తూ ఉండిపోయాడు.

"తల ఫిల్ము ఎప్పుడూ అలాగే చూడాలి, మనిషి ఎదురుగా ఉన్నట్టు. ఈ గడ్డ వినికిడి నరం దగ్గర పుట్టింది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఏళ్లు పడుతుంది. ముందు ఆ చెవి మందగిస్తుంది, లోపల హోరు పెడుతుంది. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదా?"

"చెప్పుంటే?" అని అడిగింది బిందుప్రియ.

"చిన్నగా ఉన్నప్పుడు వస్తే చాలామందిని బతికించుకుంటాం."

బిందుప్రియ మామగారి వైపు చూసింది. బంగారయ్య లైటు పలక మీంచి ఫిల్ము తీసి కవరులో పెట్టబోయాడు. కవరు నోరు దొరకలేదు. సాయిప్రియ వచ్చి పట్టుకుంది.

పైడితల్లి మొదట్లో ఫోను ఎడమచెవికే పెట్టుకునేది. ఎడమభుజం పైకెత్తి దాని మీద ఫోను అదిమి, కుడిచేత్తో గరిటె తిప్పుతూ నూకమ్మతో మాట్లాడేది. ఆ పక్కకి వంగిన మెడ అతనికి బాగా గుర్తు. తర్వాత ఒక రోజు భోజనానికి కూర్చుంటే, ఫోను కుడిచెవికి మారింది, గరిటె ఎడంచేతికి మారింది. కంచంలో పప్పు పడాల్సింది పీట మీద పడింది.

"ఎడంచేత్తో వడ్డిస్తావేటి, ఇది సావుకూడనుకున్నావా?" అన్నాడతను.

"ఎడమచెవి ఇనపడ్డం లేదు. రోజల్లా హోరు. ఓపాలి డాక్టరుకి సూపిద్దామా?"

"ఆ ఫోను ఒగ్గేయ్. అన్నీ ఇనపడతాయి."

ఆమె ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే మాట అన్నాడు. తర్వాత అడగడం మానేసింది. ఇదంతా ఆమె పోవడానికి నాలుగేళ్ల ముందు.

ఇంటికొచ్చాక బంగారయ్య చెప్పులు కూడా విప్పకుండా స్టీలు డబ్బా దించాడు. క్లిప్పులు తీసి ఫోను సాయిప్రియకి ఇచ్చాడు.

"పదింటికి పక్కనెట్టి పడుకో" అన్నాడు. తర్వాత కోడలి వైపు తిరగకుండానే అడిగాడు. "నూకమ్మ నంబరు ఉందా?"

బిందుప్రియ తన ఫోను తీసింది. వెతుక్కోలేదు. నంబరు కాల్ లిస్టులో పైనే ఉంది. మూడేళ్లుగా కోడలు ఆమెతో మాట్లాడుతూనే ఉందని అతనికి అర్థమైంది. ఫోను కోసం చెయ్యి చాచాడు.

రెండు రింగులకే నూకమ్మ ఎత్తింది. "బిందూ, సెప్పమ్మా."

"బంగారయ్యని."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "ఏటైనాది బావా? అందరూ బాగున్నారా?"

"బాగున్నారు. నీ మీదేసిన నింద ఎత్తేస్తన్నాను. మీ అప్ప పోడానికీ నీ ఫోనుకీ ఏ సంబంధం లేదు. డాక్టరు సెప్పింది."

నూకమ్మ ఏడవడం మొదలుపెట్టింది. అతను ఫోను చెవి నుంచి కాస్త దూరంగా పట్టుకుని ఆగాడు. ఏడుపు తగ్గాక ఆమె ముక్కు చీది అడిగింది.

"మరి అప్పకి అంతదాకా ఎందుకొచ్చింది బావా? ముందే ఎవులికీ తెలీలేదా?"

బంగారయ్య ఫోను కట్టేసి కోడలి చేతిలో పెట్టాడు.

బిందుప్రియ ఇంకా అతన్నే చూస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడిన సాయిప్రియ "మామ్మ మీకు చెప్పిందా తాతా?" అని అడిగింది.

పసుపు కవరు బీరువాలో అట్టడుగున పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

"ఇదే ఆఖరు. ఆ సంగతి నన్నింక ఎవులూ అడగొద్దు. నేను సెప్పను."