పదకొండో నంబరు తీగలు

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారుని. పేరున్న కంపెనీలో పుట్టలేదు. కలకత్తాలో ఒక ఇరుకు సందులో, మిఠాయి దుకాణం వెనకున్న చిన్న కార్ఖానాలో నన్ను తయారు చేశారు. ఎర్ర రంగు మూడు పూతలు వేశారు గానీ, మొదటి పూత ఆరకముందే రెండోది వేసెయ్యడంతో నా వీపు మీద పొక్కులు లేచాయి. చూసినవాళ్ళు అదేదో ప్రత్యేకమైన పనితనం అనుకుని చేత్తో తడిమి మరీ మెచ్చుకుంటారు. నేనూ కాదనలేదు.

మొదట నన్ను కొన్నాయన విశాఖ బీచి రోడ్డులో ఒక హోటల్లో బ్యాండు వాయించేవాడు. హోటలువాళ్ళు బ్యాండు మాన్పించి టేపు రికార్డరు పెట్టుకున్నాక నన్నొక ఆర్కెస్ట్రాకి అమ్మేశాడు. వాళ్ళు నన్ను వ్యాను టాపు మీద జనరేటరు పక్కన కట్టి పెళ్ళిళ్ళకీ చవితి పందిళ్ళకీ తిప్పారు. ఆ ఎండలకే నా మెడ కాస్త ముందుకు వంగింది. చివరికి జ్ఞానాపురం అంబ్రోస్ చేతికి వచ్చాను. ఇరవై రెండేళ్ళుగా అతని దగ్గరే ఉన్నాను.

అంబ్రోస్ ఓడలు మరమ్మతు చేసే వర్క్‌షాపులో గ్యాస్ వెల్డరు. పొద్దంతా ఇనుము అతికిస్తాడు, సాయంత్రం స్నానం చేసి చర్చి గాయక బృందంలో నన్ను వాయిస్తాడు. నాకు ఎప్పుడూ తొమ్మిదో నంబరు తీగలే కట్టేవాడు. గిటారు తీగల్లో అవి బాగా సన్నవి. సన్న తీగని వేలితో పక్కకి నెట్టి స్వరాన్ని పైకి వంచడంలో తనని మించినవాడు జ్ఞానాపురంలో లేడని అతని నమ్మకం. జ్ఞానాపురంలో గిటారు ఉన్నవాళ్ళే నలుగురు, అది వేరే సంగతి. తీగ వంచినప్పుడల్లా కళ్ళు మూసుకుని, పెదవి కొరుక్కుని, తల వాల్చేసేవాడు. నొప్పి నాది, మొహం అతనిది.

అతని అక్క ఫిలోమినా. ఆ వైపు అక్కని అప్ప అంటారు. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది. ఏటా మరియమాత పండుగనాడు, ఫాదరు చేసే బలిపూజ అయ్యాక పాడే చివరి పాట ఆవిడదే. ఆ పాటకి ముందు చర్చి ఆవరణలో అరుస్తూ తిరిగే పిల్లలు కూడా వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆవిడకి స్వరాల పేర్లు తెలియవు. నా మెడ మీద రెండో తెల్లచుక్క దగ్గర, అడ్డంగా బిగించిన లోహపు మెట్లలో ఐదోదాని మీద తమ్ముడి చూపుడువేలు పడిందంటే ఊపిరి పీల్చుకునేది, అంతే. అదే ఆవిడ శ్రుతిపెట్టె.

పోయిన జనవరిలో ఆవిడకి మెడ దగ్గర థైరాయిడు గడ్డకి ఆపరేషను చేశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు. నెల తర్వాత మామూలుగానే మాట్లాడింది. కానీ పాడబోతే పై స్వరాలు అందలేదు. ఎక్కాల్సిన చోట గొంతు గాలైపోయింది. మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి నోరు మూసుకుని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గాయక బృందానికి రాలేదు. ఆదివారాలు వెనక వరసలో కూర్చుని, అందరూ పాడుతుంటే పెదవులు మాత్రం కదిపేది.

ఆగస్టులో ఇన్నాసి మాస్టారు వాళ్ళింటికి వచ్చాడు. ఆయన గాయక బృందానికి పెద్ద, ముప్ఫై ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తున్నాడు.

"పండగ జెండా ఎత్తీసరికి సెప్పాల, అంబ్రోసు. అప్ప పాడితే సరే. నేదంటే ఆ పాట వేరే పిల్లకి నేర్పుకోవాల. ఒకసారి సేతులు మారితే మళ్ళీ రాదు, నీకు తెల్దా?"

"కొంచెం కిందకి దింపి పాడితే అందుతాది మాస్టారూ," అన్నాడు అంబ్రోస్.

లోపల్నించి ఫిలోమినా గొంతు వినిపించింది. "నా కోసం ఎవరూ ఏదీ దింపక్కర్లేదు. వచ్చిన కాడికి వచ్చింది. ఆ పిల్లకే ఇచ్చీండి."

ఆవిడ పౌరుషం అలాంటిది. పాట దించితే తను తగ్గినట్టేనని ఆవిడ లెక్క. అంబ్రోస్ మర్నాడు సాయంత్రం నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ఆరు తీగల్నీ వదులు చేశాడు. సరిగ్గా రెండు మెట్లంత దించాడు. అంటే, అతని వేలు మామూలుగానే రెండో తెల్లచుక్క దగ్గర పడుతుంది, పలికేది మాత్రం మూడో మెట్టు స్వరం. అప్ప చూసేది వేలినే కదా, తెలియదనుకున్నాడు. ఇరవై రెండేళ్ళ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని మోసం చెయ్యబోతున్నాడని నాకు కాస్త కోపం వచ్చింది. ఎందుకు చేస్తున్నాడో తెలుసు కాబట్టి కోపం నిలవలేదు.

"అప్పా, ఒక్కపాలి రాయే. నా సాధన కోసం," అని పిలిచాడు. ఆవిడ విసుక్కుంటూనే వచ్చి స్టూలు మీద కూర్చుంది. వేలు చుక్క దగ్గర పడింది. ఊపిరి తీసుకుంది. పాడింది. మొదటి చరణం మొత్తం, ఎక్కడా విరగకుండా పాడింది. పాడి కొంగుతో మొహం తుడుచుకుంది. అంబ్రోస్ తల ఎత్తకుండా నా బిరడాలేవో సర్దుతున్నట్టు నటించాడు. 

చెడిందల్లా నా దగ్గరే. సన్న తీగలు వదులైతే వాటిలో పస ఉండదు. గట్టిగా మీటితే మెట్లకి తగిలి జిర్రుమన్నాయి. నొక్కినచోటల్లా శ్రుతి జారిపోయింది. ఆవిడ గొంతు నిలబడింది గానీ, దానికి ఆసరా ఇవ్వాల్సిన నేను చతికిలబడ్డాను. అలా పండుగకి వెళితే జనం మొదటి చరణానికే నవ్వుతారు.

అందుకని నన్ను భుజాన వేసుకుని డాబా గార్డెన్స్‌లో సంగీత వాయిద్యాల కొట్టుకి తీసుకెళ్ళాడు. కొట్టతను పదకొండో నంబరు తీగలు చూపించాడు. నా పాత తీగలకంటే బాగా మందం. శ్రుతి దించినా బిగువు తగ్గవన్నాడు. కానీ నా మెడ చివర తీగలు ఆనే తెల్ల పలక మీద గాడులు సన్నగా ఉన్నాయనీ, వాటిని వెడల్పు చెయ్యాలనీ, అందుకు కావలసిన ఆకురాళ్ళు తన దగ్గర లేవనీ, చెన్నై పంపితే నెల పడుతుందనీ చెప్పాడు. పండుగకి పన్నెండు రోజులే ఉన్నాయి. అంబ్రోస్ తీగలు కొనుక్కుని వచ్చేశాడు.

ఇంటికొచ్చి కట్టాడు. కట్టినంతసేపూ బాగానే ఉంది. ఆ తర్వాత అలవాటు చొప్పున పాత శ్రుతికే బిగించడం మొదలుపెట్టాడు! ఎందుకు కొన్నాడో ఆ చేతులకి గుర్తే లేదు. నాలుగో తీగ బిగిసేసరికి తీగల్ని పట్టుకునే ఇనప పలక నా ఒంటి మీంచి పైకి లేచింది. వెనక దాన్ని పట్టుకున్న మూడు స్ప్రింగులూ సాగిపోయాయి. అసలే వంగిన మెడ ఇంకా ముందుకు వంగిపోయింది. ఇవాళ్టితో సరి, విరిగి చస్తాను అనుకున్నాను. నిజంగా భయపడ్డాను. అప్పుడు టప్పుమని ఒక తీగ గాడిలోంచి బయటికి దూకి అతని చెంప మీద గీరింది. దాంతో బుద్ధి వచ్చి అన్నీ వదులు చేశాడు.

మర్నాడు వర్క్‌షాపు నుంచి వస్తూ చిన్న రేకు డబ్బీ ఒకటి తెచ్చాడు. అందులో సన్నటి గరుకు ఉక్కు పుల్లలు వరసగా ఉన్నాయి. గ్యాస్ నాజిల్లో మసి చేరితే శుభ్రం చేసుకునే పుల్లలవి, ఒక్కోటి ఒక్కో లావు. ఏ తీగకి ఏ పుల్ల సరిపోతుందో పోల్చుకుని ఒక్కో గాడినీ ఓపిగ్గా రాశాడు. పది రుద్దులకోసారి తీగ పెట్టి చూశాడు. ఓడల్ని అతికించే చెయ్యి అంత నెమ్మదిగా ఆడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఎప్పుడో పీకి డ్రాయరులో పడేసిన రెండు స్ప్రింగులు వెతికి నా వీపులో తగిలించాడు. మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీకి చిన్న తాళంచెవి పెట్టి కొంచెం తిప్పాడు, ఒక రోజు ఆగి ఇంకొంచెం తిప్పాడు. ఆర్కెస్ట్రా ఎండల్లో వంగిన నా మెడ అన్నేళ్ళకి నిటారైంది.

అప్పుడు రెండు మెట్లు దించి, స్పీకరు పెట్టెకి తగిలించి మీటాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్నిటికన్నా లావు తీగ పలికితే గోడకి తగిలించిన క్యాలెండరు అదిరింది. ఇన్నేళ్ళూ నేను కీచుమంటూ బతికానని అప్పటిదాకా తెలియనే తెలియదు.

కానీ పాపం, అంబ్రోస్‌కి మాత్రం పోయిందేదో పోయింది. తనకి అంత పేరు తెచ్చిన వంపు కోసం తీగని నెట్టాడు. అది కదిలింది గానీ, సగం దూరంలో ఆగిపోయింది. ఇంకా నెట్టాడు. వేలి చివర చర్మం లేచింది. కళ్ళు మూసుకునే తీరికా లేదు, పెదవి కొరుక్కుందామన్నా సందు లేదు. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించాడు. ఆ తర్వాత పాటలో వంపులున్న చోటల్లా తిన్నగా మీటడం నేర్చుకున్నాడు.

జెండా ఎత్తారు. నవదిన ప్రార్థనలు మొదలయ్యాయి. మూడో రోజు సాయంత్రం ప్రార్థనకి ముందు గాయక బృందం సాధనకి కూర్చుంది. తమ్ముడి సాధన కోసమంటూ పెరట్లో రోజూ పాడుతున్న ఫిలోమినా ఇక్కడికీ వచ్చింది. అంబ్రోస్ జెండా ఎత్తకముందే ఇన్నాసి మాస్టార్ని పక్కకి తీసుకెళ్ళి, అప్పే పాడుతుందని సంగతంతా చెప్పి, హార్మోనియం కూడా దించి వాయించమని బతిమాలాడు. మాస్టారు సరేనని తలూపాడు. తల ఊపింది నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆ పాటకి ఆయన వేళ్ళు వెళ్ళే చోటు ఒక్కటే.

అంబ్రోస్ వేలు చుక్క దగ్గర పడింది. మాస్టారి వేళ్ళు పాత చోటే పడ్డాయి. నేనొక దారి, హార్మోనియం ఇంకో దారి. కిటికీలో పావురాలు లేచిపోయాయి. గాయక బృందంలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. మాస్టారు నాలుక కరుచుకున్నాడు. "ఒట్టు అంబ్రోసు, మర్సిపోనాను," అనేశాడు.

అంబ్రోస్ మొహం తెల్లబోయింది. ఆవిడ లేచి వెళ్ళిపోతుందని అతనికీ అనిపించింది, నాకూ అనిపించింది.

ఫిలోమినా లేవలేదు. చెయ్యి చాపి నా తీగల మీద బొటనవేలు పెట్టి లావు చూసింది. తర్వాత తమ్ముడి ఎడమ చెయ్యి తిప్పి, చర్మం లేచిన వేళ్ళ చివర్లు చూసింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అన్నాడు అంబ్రోస్ మెల్లగా.

"మొదట్రోజే. గొంతు నాదిరా. ఏ మెట్టు మీద నిలబడిందో నాకు తెల్దా? వేలు సూసి మోసపోడానికి నేనేటి సంటిపిల్లనా?"

"మరి సెప్పలేదేటే?"

"నువ్వంత కష్టపడి దాస్తన్నావు గదా, ఎందుకు పాడు సెయ్యడమని ఊరుకున్నాను." తమ్ముడి చెయ్యి వదిలింది. "మళ్ళీ పాడాలని నాకూ ఉంది. అడగడానికి సిగ్గేసింది, అంతే."

బృందంలో అందరూ వింటున్నారు. ఆవిడ గొంతు తగ్గించలేదు.

"దాసడం అయిపోయింది గదా, ఇప్పుడు సెప్తన్నాను. రెండో సరణం సివర ఇంకా ఈడ్సుకుంటన్నాను. మెడ నొప్పెడతంది. ఇంకో మెట్టు దింపు. ఆ లావు తీగలు ఆగుతాయా?"

అంబ్రోస్ నా బిరడాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఇంకో మెట్టు దిగాను. జిర్రుమనలేదు, జారలేదు. మూడు మెట్లు దిగినా ఇంకా బలం మిగిలే ఉంది నాలో. పాత సన్న తీగలైతే ఈపాటికి దారాల్లా వేలాడేవి.

"అన్నీ నల్ల మీటల మీదకి తోసీసినారు నన్ను," అని గొణిగాడు మాస్టారు. గొణుగుతూనే ఆ మిగిలిన రోజులన్నీ అందరికంటే ముందొచ్చి నల్ల మీటల మీద సాధన చేశాడు.

పండుగనాడు బలిపూజ అయ్యాక ఫిలోమినా మైకు ముందుకి వచ్చింది. పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ పాత గొంతు కోసం ఎదురుచూసినవాళ్ళు మొదటి మాటకి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో మాటకి చూసుకోవడం మానేశారు. పాట కిందనించే వచ్చింది, నిండుగా వచ్చింది. అంబ్రోస్ ఒక్క తీగనీ వంచలేదు. అతను కళ్ళు తెరుచుకుని వాయించడం ఇరవై రెండేళ్ళలో నేను చూసింది అదే మొదలు. ఎందుకంటే అప్పవైపే చూస్తున్నాడు.

ఇప్పుడు వాళ్ళింట్లో మిషను పైన మేకుకి వేలాడుతున్నాను. విప్పేసిన సన్న తీగల్ని ఫిలోమినా పారెయ్యలేదు. వాటితో కిటికీకి మల్లెతీగ అల్లించింది. సాయంత్రం అంబ్రోస్ స్నానానికి వెళ్ళగానే ఆవిడ మిషను ఆపి, నా అన్నిటికన్నా లావు తీగని బొటనవేలితో ఒకసారి మీటుతుంది. ఆ స్వరం దగ్గరే తన గొంతు మొదలుపెడుతుంది. తమ్ముడి వేలు ఎక్కడుందో చూడడం మానేసింది.