జోల్వా గేటు మీద తొమ్మిది గీతలు

సూరత్‌ అమ్రోలిలో మన తెలుగు మగ్గం పనివాళ్లుండే గల్లీలో ఎవరైనా నమ్మలేని మాట చెబితే, "ఇగో, ఇంకో వాపి లక్ష్మీరాజం తయారైండు" అనేవాళ్లు. లక్ష్మీరాజం ఇంటిపేరు వేరే ఉంది. ఆరేళ్ల కింద ఒకరోజు తెల్లవారుజామున మోటారు సైకిలెక్కి, బొంబాయి పోయి, సముద్రం చూసి, పొద్దుగూకేసరికి సూరత్ తిరిగొచ్చానని ఆయన చెప్పుకున్నాడు. సాక్ష్యం ఏదన్నారు. లేదన్నాడు. ఆ రోజు నడిదారిలో వచ్చే వాపి ఊళ్లో రోడ్డు పక్కన టీ తాగుతుండగా చూశానని ఒక లారీ డ్రైవరు అన్నాడు. అంతే. వాపిలో టీ తాగి వెనక్కి మళ్లాడని గల్లీ మొత్తం తేల్చేసింది. వాపి ఆయనకు ఇంటిపేరయింది.

ఈ కథ వచ్చినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్లు. నరహరి కూడా నవ్వేవాడు గాని, అతని నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చేది. ఒక మనిషి ఐదారువందల కిలోమీటర్లు పోయి రావడం, ఆ మొత్తాన్ని నలుగురు కలిసి ఒక టీ గ్లాసులో ముంచేయడం అతనికి భయంగా తోచేది. పోయినా పోనట్టే అయితే, మరి పోవడమంటే ఏమిటి?

నరహరికి ముప్పై ఎనిమిదేళ్లు. పదహారేళ్లుగా ఎనిమిది మగ్గాల నడుమ నలభై అడుగుల సందులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒకసారి ఉబుసుపోక తన అడుగులు తానే లెక్కపెట్టుకున్నాడు. పన్నెండు గంటల పాళీలో పద్దెనిమిది కిలోమీటర్లు తేలింది. ఆ లెక్కన తాను ఇప్పటికి భూమిని రెండు చుట్లు చుట్టి ఉండాలి. కానీ ఎక్కడికీ పోలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ప్లేగు వచ్చిపోయిన మరుసటేడు సేఠ్ తన మగ్గాలను ఊళ్లోని ఖటోదరా నుంచి ఊరి బయట జోల్వాకు మార్చాడు. అమ్రోలి నుంచి అక్కడికి ఇరవై తొమ్మిది కిలోమీటర్లు. దాంతో నరహరి ఒక పాత బండి కొన్నాడు. దాని మీటరు వైరును పాత యజమాని ఎప్పుడో పీకేశాడు కాబట్టి, ఆ బండి ఎంత తిరిగిందో దేవుడికే తెలియాలి. ఆ బండి మీద పోతూ వస్తూ నరహరి ఒక ఉపాయం ఆలోచించాడు. జోల్వాకు పోయి రావడం యాభై ఎనిమిది. పదిసార్లు పోయి వస్తే ఐదువందల ఎనభై. అంటే బొంబాయికి పోయి వచ్చినంత. ఒక్క రోజులో. అదీ అందరి కళ్ల ముందు.

భార్య భాగ్యలక్ష్మి ఈ మాట విని కూరగాయలు తరగడం ఆపింది.

"రోజు పోయే తొవ్వల్నే పదిసార్లు పోతవా? ఒక్కసారి పోయొస్తెనే నడుము నొస్తుందని మూల్గుతవ్."

"బొంబాయి పోతె ఎవలు నమ్ముతరే?"

"నమ్మకపోతె ఏమైతది?"

ఈ ప్రశ్నకు నరహరి దగ్గర జవాబు ఉంది. అది భార్యకు చెప్పుకునేది కాదు. ఎవరూ నమ్మకపోతే తాను పోయినట్టు తనకే నమ్మకం కలగదు. "నీకు తెల్వదు తియ్" అన్నాడు.

ఏర్పాట్లు పకడ్బందీగా చేశాడు. అమ్రోలి కొసన టీ బండి పెట్టుకున్న కనకవ్వ సాక్షి. అబద్ధమాడదని ఆమెకు పేరు. అతను వచ్చినప్పుడల్లా వెనక గోడ మీద బొగ్గుతో ఒక గీత గీయాలి. జోల్వా కొసన కార్ఖానా వాచ్‌మన్ సోమలింగం సాక్షి. అతను ఇనుప గేటు మీద సుద్దముక్కతో గీయాలి. నరహరి నాగా పెట్టాడు. నాగా ఎందుకని సేఠ్ అడిగితే, కార్ఖానాకు పది సార్లు రావలసిన పని ఉందన్నాడు. సేఠ్ అతని కళ్లలోకి కాసేపు చూసి, జ్వరం తగ్గాకనే రమ్మన్నాడు.

పొద్దున ఐదింటికి బండి ముందు కొబ్బరికాయ కొట్టారు. లక్ష్మీరాజం కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. నరహరి కిక్కు కొడుతుండగా కనకవ్వ గోడకు తిరిగి, "లాభం" అని పైకే అని మొదటి గీత గీసింది. ఊళ్లో వడ్లు కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. శుభకార్యం మొదలవుతుంటే గోడ బోసిగా ఉండకూడదని ఆమె ఉద్దేశం. బండి చప్పుడులో నరహరికి ఆ మాట వినపడలేదు.

మొదటి రెండు చుట్లు పండుగలా గడిచాయి. తాపీ నది వంతెన మీద చల్లగాలి, ఖాళీ రోడ్లు. నరహరి నిటారుగా కూర్చుని నడిపాడు. ఎవరూ లేనిచోట కూడా నిటారుగానే కూర్చున్నాడు. ఎందుకంటే బండి వెనక సీటు మీద ఒక మనిషి ఉన్నాడు. కళ్లకు కనపడడు గాని ఉన్నాడు. నరహరి గేరు మార్చితే "శెభాష్, గేరు మార్చిండు" అంటాడు. చెమట తుడుచుకుంటే "ఎంత కష్టపడుతుండు!" అంటాడు. రేపు గల్లీ అనబోయే మాటలన్నీ ఇవాళే చెప్పిపెడుతున్నాడు. నరహరి బండి నడుపుతున్నాడనడం కంటే, బండి నడుపుతున్న నరహరిని గురించి వింటున్నాడనడం సరిగ్గా ఉంటుంది.

నడిమధ్యలో కడోదరా చౌరస్తా. అక్కడ హైవే అడ్డంగా పోతుంది. కుడికి బాణం గుర్తు వేసి బొంబాయి, ఎడమకు వేసి అహ్మదాబాదు. అతను నేరుగా జోల్వాకు పోవాలి. పోయిన ప్రతిసారీ ఆ బోర్డు వైపు ఒక చూపు పారేసేవాడు. ఆ రెండు బాణాల చివరా గీతలు గీసేవాళ్లు లేరు. అందుకని అవి అతనికి దారుల్లా కనపడలేదు.

మూడో చుట్టు నుంచి లోకం అతని ఘనకార్యాన్ని తన పనికి వాడుకోవడం మొదలుపెట్టింది. "ఎట్లాగు పోతున్నవ్ గద బిడ్డా" అని కనకవ్వ కార్ఖానావాళ్ల అన్నం డబ్బాలు నాలుగు తగిలించింది. జోల్వాలో సోమలింగం, "ఎట్లాగు వస్తున్నవ్ గద తమ్మీ" అని తెగిన చెప్పులిచ్చి కుట్టించుకు రమ్మన్నాడు. ఐదో చుట్టుకు డబ్బాలు పదకొండయ్యాయి. ఆరో చుట్టులో ఒక మగ్గం కార్మికుడు మూత తీసి చూసి, "గిదేందన్నా, పప్పంత కారింది? జర మెల్లగ నడపరాదు?" అని కసురుకున్నాడు. ఏడో చుట్టులో ఒక ముసలమ్మ మందుల చీటీ ఇచ్చింది. సుద్దగీత గీయమని సోమలింగానికి ప్రతిసారీ నరహరే గుర్తు చేయవలసి వచ్చింది. అయినా వెనక సీటు మనిషి పొగడ్త ఆపలేదు. "చూసినవా, అందరికి ఎంత సాయం జేస్తుండో!"

తొమ్మిదో చుట్టు ముగించి వచ్చేసరికి సాయంత్రం ఏడు కావస్తోంది. అరచేతులు బొబ్బలెక్కాయి. నడుము ఉందో లేదో తెలియడం లేదు. అమ్రోలి మలుపు తిరగగానే టపాకాయలు పేలాయి. కనకవ్వ గోడ మీద ఒక గీత బర్రున గీసి, "పది!" అని అరిచింది. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు.

నరహరి గోడ వైపు చూశాడు. లెక్కపెట్టాడు. పదే ఉన్నాయి.

"అవ్వా, తొమ్మిదే గదనే అయింది? ఇంకొకటుంది."

"నేను కండ్లుండంగనే గీసిన. పది."

"మొదటిది ఎప్పుడు గీసినవ్?"

"నువ్వు బండి కదిలియ్యంగనే. లాభం అనకుంట ఎవలన్న షురూ జేస్తరా? ఇన్నేండ్ల నుంచి కొలుస్తున్న, నాకు నేర్పుతవా?"

"పాపం, ఎండ కొట్టింది" అన్నారెవరో. ఎవరో నిమ్మకాయ నీళ్లిచ్చారు. గల్లీ పిల్లలు అతని బండి చక్రాన్ని ముట్టుకుని చూస్తున్నారు. ఆ క్షణంలో నరహరికి అన్నీ దొరికాయి. పదహారేళ్లుగా కోరుకున్నదంతా దొరికింది, ఒక్క యాభై ఎనిమిది కిలోమీటర్లు తప్ప. ఊరుకుంటే సరిపోయేది. ఆ వెలితి తనకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ ఆ తెలిసినవాడే తనతో పాటు ఇంటికొచ్చి అన్నం తిని పడుకునేది.

దండ తీసి భాగ్యలక్ష్మి చేతిలో పెట్టాడు.

"దండ వడ్డంక ఎటు పోతవయ్యా?" అంది ఆమె.

"జోల్వా."

"నీకేమన్న పట్టిందా?"

బండి కదిలింది. తాపీ దాటాక నరహరికి ఏదో తేడా తెలిసింది. వెనక సీటు ఖాళీగా ఉంది. ఆ మనిషి దండ దగ్గరే దిగిపోయాడు. గేరు మారిస్తే ఎవరూ మెచ్చుకోలేదు. నడుము వంచి, కాళ్లు చాచి, తనకెట్లా వీలైతే అట్లా కూర్చున్నాడు. చెరకు తోటల వాసన వచ్చింది. పొద్దుటి నుంచి అది ఉండే ఉంటుంది. కడోదరా చౌరస్తాలో ఆగి బోర్డు చదివాడు. కుడి చేతి వైపు రోడ్డు లైట్ల వరుసతో ఎంత దూరమో పోతోంది. ఒక నిమిషం నిలబడి చూశాడు. తర్వాత నేరుగానే పోయాడు.

జోల్వాలో గేటు వేసి ఉంది. సోమలింగం డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. లోపల రాత్రి వాచ్‌మన్ కొత్తవాడు, రేడియో వింటున్నాడు. నరహరి చెప్పింది విని, "సేఠ్‌కు కాగితం రాసివ్వు, ఆయన గీయమంటే గీస్తా" అన్నాడు హిందీలో. గేటు మీద తొమ్మిది సుద్దగీతలున్నాయి. సుద్దముక్క గడియ పక్కనే ఉంది. నరహరి దాన్ని తీసుకుని, గేటుకు ఆనించి, చాలాసేపు నిలబడ్డాడు. తన గీత తానే గీసుకుంటే అది గీతే అవుతుంది, సాక్ష్యం కాదు. సుద్దముక్కను ఉన్నచోటే పెట్టేశాడు. తిరిగి వచ్చేసరికి కనకవ్వ బండి కట్టేసి వెళ్లిపోయింది.

మర్నాడు కార్ఖానాకు పోయినవాళ్లు గేటు చూశారు. గోడ మీద పది, గేటు మీద తొమ్మిది. సాయంత్రానికి కనకవ్వ టీ బండి దగ్గర పంచాయతీ కూర్చుంది. సోమలింగం ఆ పని మీదే జోల్వా నుంచి వచ్చాడు.

"నేను ఒక్కటి గుడ తప్పలే" అన్నాడు సోమలింగం.

"నేను తప్పిన్నంటవా?" అంది కనకవ్వ.

ఇద్దరూ నిజాయితీపరులు. కాబట్టి తప్పు మూడోవాడిదే అయి ఉండాలి. ఒకసారి జోల్వా దాకా పోకుండా నడిమధ్యలో మళ్లి ఉంటాడు.

"పది అయినంక మల్ల ఎందుకు పోయిండు మరి?" అని ఒకడు లాయరులా వేలెత్తాడు. "లోపల తప్పు వెట్టుకున్నోడే గట్ల ఉరుకుతడు."

నరహరి లాభం సంగతి వివరించాడు. గీతల మీద వేలు పెట్టి చూపించాడు. ఎంత వివరిస్తే అంత అబద్ధంలా వినపడసాగింది. తన గొంతు తనకే లక్ష్మీరాజం గొంతులా తోచింది. ఎవరో వెనకనుంచి "కడోదరా నరహరి" అన్నారు. అందరూ హాయిగా నవ్వారు. ఆ పేరు బాగా కుదిరిందని అతనికి కూడా అనిపించింది. డబ్బాల మాట మాత్రం ఎవరూ మరచిపోలేదు. రేపు ఎన్నింటికి బయలుదేరుతున్నావని ముగ్గురడిగారు.

జనం పల్చబడ్డాక నరహరి లేచి లక్ష్మీరాజం కూర్చున్న బల్ల మీద కూర్చున్నాడు. ఈ గల్లీలో తన బాధ తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆరేళ్లుగా అందరితో పాటు నవ్వినందుకు సిగ్గేసింది.

"మామా, ఇన్నేండ్లు నేను గుడ నవ్విన. మాఫ్ చెయ్. నువ్వు నిజంగనే పోయినవ్."

లక్ష్మీరాజం టీ ఊదుకుంటూ, "ఎక్కడికి?" అన్నాడు.

"బొంబాయి."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బొంబాయి గింబాయి ఏం లేదు అల్లుడా. వాపి కాడ నడుము పట్టుకున్నది. ఇంత టీ తాగి మర్లిన. సముద్రం నేను ఇప్పటిదాక చూడనే లేదు."



లక్ష్మీరాజం నరహరి భుజం మీద చెయ్యి వేశాడు. ఆరేళ్లుగా తోడు లేని మనిషి చెయ్యి అది, బరువుగా ఉంది. "నాకు చెప్పు. ఎవ్వలికి చెప్ప. కడోదరా కాడ్నే మర్లినవ్ గద?"

ఆ కళ్లలో ఎగతాళి లేదు. ప్రేమ ఉంది, ఆశ ఉంది. నరహరి గోడ వైపు చూశాడు. పది గీతల్లో అన్నిటికంటే నల్లగా, తిన్నగా ఉన్నది లాభం గీతే.

"అవు మామా" అన్నాడు. "మర్లిన."

లక్ష్మీరాజం ఆ మాట వెంటనే నమ్మాడు. ఇంకో రెండు టీలు చెప్పాడు.