ఎనిమిది పళ్ళు

నోరీన్ పెల్టియర్ పట్టు పట్టిందంటే సడ్‌బరీలో మంచు ఎత్తే బండి కూడా పక్కకు తప్పుకోవాల్సిందే. అలాంటి మనిషి పాతికేళ్ళుగా ఒకే ఒక్క పన్నుకు భయపడుతూ వచ్చింది.

ఇరవై రెండో ఏట, మంచు హాకీ ఫైనల్లో, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ మూతికి తగిలి ముందు పన్ను విరిగింది. దానిమీద పింగాణీ క్యాప్ వేశారు. అప్పటి పళ్ళ రంగులో అది చక్కగా కలిసిపోయింది. తర్వాత నోరీన్ స్కూలు బస్సు డ్రైవరైంది. రోజుకు ఆరు కప్పుల కాఫీ. మిగతా పళ్ళన్నీ పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగాయి. పింగాణీకి మరక పట్టదు కాబట్టి క్యాప్ మాత్రం అప్పటి తెలుపులోనే ఉండిపోయింది. బస్సులో పిల్లలు ఆమెకు ‘ఒంటి లైటు’ అని పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచి నోరీన్ పై పెదవి దించుకునే మాట్లాడింది, దించుకునే నవ్వింది.

మాటలకు సరిపోయింది గాని పాట దగ్గర చిక్కొచ్చింది. ఆమె పాడే మహిళా బృందానికి వాద్యాలుండవు, గొంతులే. పాడేటప్పుడు పై వరసలో ఎనిమిది పళ్ళు కనిపించి తీరాలని డైరెక్టర్ మర్నా నియమం.

మంగళవారం మర్నా అందరి ముందూ తేల్చేసింది. "నీ ‘ఆ’ పెదవి కిందే చచ్చిపోతోంది నోరీన్. గురువారం సాయంత్రం నాకు ఎనిమిది కనబడాలి. లేదంటే శనివారం పోటీలో ఆ చరణం డోనా పాడుతుంది."

ఒంటరిగా పాడే ఆ చరణం కోసం నోరీన్ పదకొండేళ్ళు వెనక వరసలో నిలబడింది. ఇప్పుడు దాన్ని డోనాకు వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

గురువారం పొద్దున పిల్లల్ని దింపేసి తిన్నగా పళ్ళ డాక్టర్ కేట్రిన్ ఒలీనిక్ కుర్చీలో కూర్చుంది. కేట్రిన్ ఒకప్పుడు ఆమె బస్సెక్కిన పిల్లే.

"పళ్ళు తెల్లబడతాయి మిస్ నోరీన్. క్యాప్ రంగు మాత్రం మారదు," అంది కేట్రిన్, రంగుల నమూనా పళ్ళు ఒక్కొక్కటీ ఆమె పళ్ళ పక్కన పెట్టి చూస్తూ. "నన్నడిగితే అన్నిటికన్నా తెల్లని రంగుకు తీసుకెళ్దాం. క్యాప్ వచ్చే నెల కొత్తది వేస్తా."

"వద్దు. దాని రంగు దగ్గర ఆపెయ్. నాతోపాటు ముసలిది కానిది అదొక్కటే. మిగతావే దాని దగ్గరికి రావాలి."

"మీ పళ్ళకు జివ్వుమనే గుణం ఉంది. పావుగంట చొప్పున మూడుసార్లు పట్టొచ్చు. ఓర్చుకోలేకపోతే ఎడమ చెయ్యెత్తండి, వెంటనే ఆపేస్తా."

"ఒంటి లైటని పేరు పెట్టినవాళ్ళ సీట్లో నువ్వూ కూర్చునేదానివిగా?"

కేట్రిన్ మొహం ఎర్రబడింది. "పేరు పెట్టింది నేను కాదు. నవ్వాను, అంతే."

"ఆ నవ్వుకు బదులుగా మధ్యలో ఆపకు."

పెదవులు విడదీసే ప్లాస్టిక్ చట్రం బిగించి, చిగుళ్ళకు రక్షణ పూత వేసి, పళ్ళమీద మందు రాసి లైటు పెట్టారు. మొదటి పావుగంట హాయిగా గడిచింది. రెండోదానిలో పన్ను పన్నునా సూది దిగినట్టయింది. పంటి బిగువున ఓర్చుకుందామంటే పళ్ళు బిగించే వీలే లేదు. నోరీన్ మెల్లగా ఎడమ చేతిని తొడ కిందికి తోసి దానిమీద కూర్చుంది.

రెండో విడత అయ్యాక కేట్రిన్ మళ్ళీ నమూనా పెట్టి చూసింది. "ఇంకొక్క మెట్టు తేడా ఉంది. అంత దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. చాలా?"

నోరీన్ కుడిచేతి వేలొకటి ఎత్తింది. ఇంకో విడత అని.

"ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టారు?"

నోరీన్ కళ్ళు తొడ వైపు తిరిగాయి. కేట్రిన్‌కు విషయం అర్థమైంది. "చెయ్యి బయటికి తీస్తేనే మందు రాస్తా."

నోరీన్ తీసింది. కుర్చీ చెయ్యిని ఆ చేత్తోనే పట్టుకుని, మూడో పావుగంటంతా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఎత్తలేదు.

జివ్వుమనడం తగ్గే జెల్లు రాసి, చట్రం తీసి అద్దం ఇచ్చారు. నోరీన్ క్యాప్ కోసం వెతికింది. కంటికి దొరకలేదు. నాలుకతో తడిమితే ఆ నున్నదనాన్ని బట్టి దొరికింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఈసారి నొప్పికి కాదు.

"రెండ్రోజులు తెల్లవే తినండి. అన్నం, కాలీఫ్లవర్, పాలు. కాఫీ బంద్."

"కాఫీ లేకుండా నేను బస్సు నడిపితే ఊరికి ముందే చెప్పిపెట్టు."

సాయంత్రం రిహార్సల్లో డోనా చరణం కాగితం పట్టుకుని సిద్ధంగా ఉంది. నోరీన్ ముందుకొచ్చి నిలబడి పై పెదవిని పైకి పోనిచ్చింది. ‘ఆ’ గది వెనక గోడదాకా వెళ్ళింది. చరణం పూర్తయ్యేవరకు మర్నా వేళ్ళమీద లెక్కపెడుతూనే ఉంది.

"నేనడిగింది ఎనిమిదేగా నోరీన్," అంది చివరికి. "పది కనిపిస్తున్నాయి."

"రెండు పాతబాకీ," అంది నోరీన్. డోనా కాగితం మడిచి ఆమె చేతికిచ్చి వెనక వరసలోకి నడిచింది.