నడిపి చూడని ఉదాహరణలు

శుక్రవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, ఒక ప్రోగ్రామింగ్ భాష నిర్వాహక సంఘం ఉదాహరణల తనిఖీని ఆపేయాలని తీర్మానించింది. అనుకూలం నలుగురు. వ్యతిరేకం ఒకరు.

ఆ ఒకరు డాక్యుమెంటేషన్ టూల్ చూసుకునే ఆమె. కోడ్ పక్కన ప్రోగ్రామర్లు రాసిన వివరణల్ని ఏరి, వెబ్ పేజీలుగా మార్చే టూల్ అది. తొమ్మిదేళ్లుగా దాని మంచిచెడ్డలు ఆమె ఒక్కతే చూస్తోంది. సంఘంలో ఆమెది చాదస్తం అంటారు. ఆమె గదిలో ఉన్నప్పుడూ అంటారు.

తనిఖీ ఆమె రెండేళ్ల పని. పేజీలోని ప్రతి ఉదాహరణనూ టూల్ స్వయంగా నడుపుతుంది. వచ్చిన జవాబును పక్కన రాసి ఉన్న జవాబుతో పోలుస్తుంది. తేడా వస్తే కొత్త వెర్షన్ విడుదల కాదు. గురువారం దాన్ని మొదటిసారి నడిపారు. రెండు వందల పద్నాలుగు ఉదాహరణల్లో అరవై ఒకటి తప్పని తేలాయి. అరవై ఒకటీ పెద్దాయన రాసినవే. భాషను తయారుచేసింది కూడా ఆయనే.

భాష నాలుగో వెర్షన్ శుక్రవారం సాయంత్రం అయిదింటికి రావాలి. తనిఖీ ఉంచితే వాయిదా పడుతుంది. తీసేస్తే టూల్ బాధ్యత వదిలేస్తానని ఆమె ముందే రాసిచ్చింది.

“ఇవి మీరు నడిపి చూశారా సార్?” అని ఆమె సమావేశంలో అడిగింది.

“నడపడం దేనికమ్మాయ్? భాష నాది. ఏం జవాబిస్తుందో నాకు తెలీదా?”

అమ్మాయికి నలభై ఎనిమిదేళ్లు. మొదటి పేజీ ఉదాహరణను ఆమె తెర మీద నడిపింది. మూడు అంకెల్ని వరసలో పెట్టే ఉదాహరణ అది. పెద్దాయన రాసిన జవాబు ఒకటి, రెండు, మూడు. తెర మీదికి వచ్చింది మూడు, రెండు, ఒకటి.

“నీ టూల్ తిరగేసింది,” అన్నాడు పెద్దాయన.

“టూల్ ఇంకా తెరవలేదు సార్. ఇది మీ భాషే.”

సంఘం కార్యదర్శి పెద్దాయన అల్లుడు. “మామయ్యగారి ఉద్దేశం ఒకటి, రెండు, మూడేనండీ. చదివేవాళ్లకి కావల్సింది ఆ ఉద్దేశమే కదా,” అన్నాడు.

“అయితే ఉద్దేశాన్నే కంప్యూటర్లో నడుపుకోమందామా బాబూ?” అంది ఆమె.

కోశాధికారి నవ్వబోయి, పెద్దాయన మొహం చూసి దగ్గాడు.

“తొమ్మిదేళ్లు అద్దం తుడిచావు. బాగానే ఉంది,” అన్నాడు పెద్దాయన. “ఇప్పుడు మొహమే బాలేదంటే ఎలా?”

“ముందు దుమ్మే అనుకున్నాను సార్. తుడిస్తే పోలేదు.”

అల్లుడు ఒక సవరణ చదివాడు. తనిఖీ కోడ్ టూల్‌లో ఉంటుంది, కానీ నడవదు. ప్రతి పేజీ అడుగున మాత్రం ‘ఉదాహరణలు తనిఖీ అయినవి’ అని ఆకుపచ్చ ముద్ర పడుతుంది. ముద్ర బొమ్మను అతను ముందురోజే గీయించి ఉంచాడు. నలుగురు చేతులెత్తారు.

పదకొండింటికి ఆమె టూల్ బాధ్యుల జాబితాలోంచి తన పేరు తీసేసి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది.

“టూల్ ఎలా వాడాలో ఎక్కడన్నా రాసిపెట్టారా అండీ?” అని అల్లుడు అడిగాడు.

“రాశాను. నడిపి చూసే రాశాను.”

అయిదింటికి నాలుగో వెర్షన్ ముద్రతో విడుదలైంది. సోమవారం ఉదయానికి మొదటి పేజీ ఉదాహరణ మీద ముప్పై ఏడు ఫిర్యాదులు వచ్చాయి. అల్లుడు వాటన్నిటినీ టూల్ బాధ్యులకు పంపాడు. ఆ జాబితాలో ఎవరి పేరూ లేదు.