జోడుగాడి అడ్రస్

పిచ్చుక వాళ్ళమ్మ బేరానికి దిగిందంటే కొట్టువాడు దిగిరావాల్సిందే. ఆసుపత్రి లాండ్రీలో పొద్దస్తమానం దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషి, నిలబడటం ఆవిడకి కొత్తేమీ కాదు. ముందు వస్తువుకి వంక పెడుతుంది. తర్వాత పక్క కొట్టు మాట ఎత్తుతుంది. ఆఖరున “సరేలే, వద్దులే” అని రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఆ రెండడుగులకి లొంగనివాడు ఆ బజారులో లేడు. ఇందులో తప్పేముంది? లారీ తోలే మొగుడు పంపేది సగం నెలకే సరిపోయేది, మిగతా సగం ఆవిడ నోటితోనే నెట్టుకొచ్చేది. ఆవిడని ఆడిపోసుకుందామని ఈ కథ చెప్పడం లేదు. ఒక్క కొట్లో మాత్రం ఆవిడ కాస్త నోరు కట్టేసుకోవాల్సింది, అంతే.

అది బజారు మలుపులో ఉన్న బూట్ల కొట్టు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వస్తే ఒకరు బయటికి వెళ్ళి దారివ్వాల్సినంత ఇరుకు. ఎటు చూసినా పైకప్పు దాకా అట్టపెట్టెలు. గల్లాపెట్టె దగ్గర కొట్టాయన భార్య కూర్చుని ఉంటుంది. ఆవిడ వెనకాల ముదురాకుపచ్చ తెర, తెర వెనకాల సామాను గది.

పిచ్చుకకి పుట్టుకతోనే కుడిపాదం లోపలికి తిరిగి ఉంది. ఆపరేషన్ చేస్తే తిన్నగా అయింది గానీ, ఎడమపాదంతో సమంగా ఎదగలేదు. ఎప్పుడూ రెండు నంబర్లు వెనకే. పిల్ల నడిస్తే గెంతుతున్నట్టుండేది. బడి పిల్లలు ఏదో ఒక పేరు పెట్టేలోగా తల్లే ముద్దుగా పిచ్చుక అని పెట్టేసింది. బడిలో వేసే ముందు బూట్ల కోసం బజారంతా తిరిగారు. ఎవర్నడిగినా ఒకటే మాట: రెండు జతలు కొనుక్కోండి, దీంట్లోదొకటి దాంట్లోదొకటి తొడగండి, మిగిలినవి పారేయండి.

ఈ కొట్టాయన మాత్రం ఆ మాట అనలేదు. కింద చతికిలబడి, పిల్ల రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని కొలిచాడు. రెండు పెట్టెలు విప్పి, ఒకదాంట్లోంచి ఎడమది, ఇంకోదాంట్లోంచి కుడిది తీసి తొడిగాడు. మడమ దగ్గర ఒరుసుకోకుండా మెత్తటి తోలుముక్క అతికించాడు. “గుమ్మం దాకా నడిచి రా తల్లీ” అన్నాడు.

పిచ్చుక నడిచి వచ్చింది. కానీ ఆ పిల్ల కళ్ళు పెట్టెల్లో మిగిలిపోయిన రెండు బూట్ల మీదే ఉన్నాయి. ఏడుపు మొదలెట్టింది.

“వాటికి జత లేదు. నా వల్లే కదా?”

“ఎవరన్నారు?” అన్నాడు కొట్టాయన. “ఊరికి ఆ చివర నీ ఈడు పిల్లాడొకడున్నాడు. వాడికీ నీలాగే. కాకపోతే నీకు కుడికాలు చిన్నది, వాడికి ఎడమకాలు చిన్నది. ఇవి మిగిలాయని ఎవరన్నారే? ఇవి వాడివి.”

పిచ్చుక ఏడుపు ఆగిపోయింది. తల్లి మాత్రం సంచి గట్టిగా పట్టుకుంది.

“అంటే మా దగ్గర రెండు జతల డబ్బులు తీసుకోరుగా?”

“ఒక జతకే ఇవ్వమ్మా.”

ఆ రోజు నుంచి పిచ్చుకకి ఒక స్నేహితుడు దొరికాడు. వాడికి జోడుగాడు అని పేరు పెట్టింది. బడిలో పరుగు పందెంలో ఆఖరున వచ్చిన రోజు, “జోడుగాడు కూడా ఇవాళ ఆఖరునే వచ్చుంటాడు. వాడికీ పరిగెత్తడం రాదు కదా” అని తల్లికి తనే నచ్చజెప్పింది. బురద తొక్కితే వాడిక్కూడా బురదైందేమోనని దిగులు. రాత్రి పడుకునే ముందు బూట్లు గోడవారగా తిన్నగా పెట్టేది, వాడు కూడా అలాగే పెట్టుకుంటాడని. ఇంట్లో అన్నాతమ్ముడూ లేని పిల్ల, బడిలో ఎవరూ ఆటకి పిలవని పిల్ల, ఆ కనబడని పిల్లాడితో హాయిగా కాలక్షేపం చేసేది.

ఏటా బడి తెరిచే ముందు కొట్టుకి వెళ్ళేవాళ్ళు. కొట్టాయన ఎప్పటిలా చతికిలబడి తొడిగేవాడు. పిచ్చుక గుమ్మం దాకా నడిచి వచ్చి, “మా ఇద్దరికీ సరిపోయాయి తాతా” అనేది.

ఆ తర్వాత పిచ్చుక వాళ్ళమ్మ వంతు.

“ఏంటి బాబాయ్, ఏడాదికేడాది రేటు పెంచేస్తున్నారు? ఆ మిగిలిన రెండూ వాడికి అమ్ముకుంటారుగా, మీ సొమ్మేం పోయింది? న్యాయంగా చూస్తే మా దగ్గర సగమే తీసుకోవాలి.”

పిల్లేమో కళ్ళు విప్పార్చుకుని వింటుండేది. కొట్టాయన పిల్లవైపు చూసేవాడు, ఏదో అనబోయి నవ్వేవాడు. “సరేలే అమ్మాయ్, నీ ఇష్టం” అని ఇంకాస్త తగ్గించేవాడు. ఆయన భార్య గల్లాపెట్టె మూత ఠపీమని మూసి తెర వెనక్కి వెళ్ళిపోయేది. పిచ్చుక వాళ్ళమ్మ దాన్ని పొగరనుకునేది.

ఒక ఏడు కొట్టు అద్దాల వెనక గులాబీ రంగు బూట్లు పెట్టారు. పట్టీ మీద చిన్న పువ్వు. పిచ్చుక అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. కొట్టాయన వాటిని తీయబోతే వెనక్కి జరిగింది.

“వద్దు తాతా. జోడుగాడు గులాబీవి వేసుకుంటే బడిలో అందరూ ఏడిపిస్తారు. నల్లవే ఇవ్వు.”

“వాడేమీ అనుకోడులే, నేను చెప్తాగా. తీసుకో తల్లీ” అన్నాడు ఆయన. ఒకటికి రెండుసార్లు బతిమాలాడు కూడా. పిచ్చుక ససేమిరా అంది. ఇంటికెళ్ళేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

ఈ ఏడు బస్టాండు వెనకాల పెద్ద దుకాణం తెరిచారు. మూడంతస్తులు, చల్లటి గాలి, సరుకులు వేసుకునే తోపుడు బండ్లు. బూట్లు కుప్పలుగా పోసి ఉన్నాయి. తొడిగేవాళ్ళు లేరు, కొలిచేవాళ్ళు లేరు, ఎవరికి కావాల్సింది వాళ్ళే ఏరుకోవాలి. పిచ్చుక వాళ్ళమ్మ రేటు చీటీ చూసి నమ్మలేక ఇంకోసారి చూసింది. ఇక్కడ రెండు జతలు కొన్నా, మలుపు కొట్లో ఒక జతకయ్యే డబ్బుల్లో ఇంకా మిగులుతున్నాయి! ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళూ బాబాయ్ తనకి టోపీ పెట్టాడనుకుంది.

“మరి జోడుగాడు?” అంది పిచ్చుక.

“వాడి సంగతి వాడి తల్లి చూసుకుంటుంది. నడువ్.”

మిగిలిన రెండు బూట్లనీ తల్లి చెత్తబుట్టలో వేస్తే, పిచ్చుక తీసి తుడిచి ఒక గుడ్డసంచిలో దాచింది. కొత్త బూట్లు మడమ దగ్గర కరిచాయి. పిల్ల చెప్పలేదు. మేజోడుకి రక్తం అంటుకుంటే తల్లే చూసి, పాత గుడ్డ మడిచి పెట్టింది. నాలుగు రోజులు పోతే అలవాటవుతుందంది.

కొన్నాళ్ళకి లాండ్రీ నుంచి వస్తుంటే మలుపు కొట్టు తలుపు మీద కాగితం కనిపించింది. కొట్టు ఎత్తేస్తున్నాం, ఉన్న సరుకు తక్కువకి ఇస్తాం అని. పిచ్చుక వాళ్ళమ్మ బుర్ర వెంటనే పనిచేసింది. కొట్టు పోతే పోయింది, ఆ పిల్లాడి తల్లిదండ్రుల అడ్రస్ తీసుకుంటే సరి. ఇద్దరూ కలిసి పెద్ద దుకాణంలో రెండు జతలు కొని పంచుకుంటే ఎవరికి వాళ్ళకి సగం ఖర్చే. ఇంటికెళ్ళి ఈ మాట చెప్పగానే పిచ్చుక మంచం మీంచి ఎగిరి దూకింది.

“అయితే వాణ్ణి నేను చూడొచ్చా?”

“చూడొచ్చు. మాట్లాడొచ్చు. ఇకనుంచి ఏటా కలిసే వెళ్తాం బూట్లకి.”

సెలవు రోజు పొద్దున్నే బయల్దేరారు. పిచ్చుక తల దువ్వించుకుంది, గుడ్డసంచి చంకలో పెట్టుకుంది. దారంతా కుంటుతూనే గెంతింది.

కొట్టు సగం ఖాళీ అయిపోయింది. కొట్టాయన నిచ్చెన మీద నుంచి దిగి, పిల్లని చూసి నవ్వాడు. తర్వాత ఆయన చూపు పిల్ల కాళ్ళకున్న బూట్ల మీద పడింది. ఎక్కడ కొన్నారని అడగలేదు.

“తాతా, ఇవి జోడుగాడికి” అని పిచ్చుక సంచి అందించింది.

ఆయన తీసుకోవడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

“ఒక పని చేసి పెట్టండి బాబాయ్” అంది తల్లి. “ఆ పిల్లాడి అడ్రస్ ఇవ్వండి. వాళ్ళూ మేమూ కలిసి కొనుక్కుంటాం.”

“వాళ్ళా... వాళ్ళు ఇల్లు మారిపోయినట్టున్నారమ్మా.”

“ఎక్కడికి మారారు?”

“సరిగ్గా తెలీదు.”

“ఫోన్ నంబరైనా ఉంటుందిగా? ఏటా బూట్లు పట్టుకెళ్ళేవాళ్ళ నంబరు లేకుండా ఉంటుందా?”

కొట్టాయన ఒక ఖాళీ పెట్టె తీసి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. పిచ్చుక వాళ్ళమ్మకి ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పే మనిషిని ఆవిడ చిటికెలో పట్టేస్తుంది. ఎందుకు చెప్తున్నాడన్నదే ఆవిడకి తట్టలేదు.

“కొట్టు మూసేస్తూ కూడా ఇంకా బేరం పోతుందని భయమా? ఇన్నేళ్ళూ రెండు జతల్ని ఇద్దరికీ అంటగట్టి రెండు వైపులా లాభం తిన్నారు, చాల్లేదా? అడ్రస్ చెప్పడానికి మీకేం నొప్పి? పిల్ల ఎంత ఆశపడి వచ్చిందో చూడండి!”

“అమ్మాయ్, పిల్ల ముందు వద్దు. తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడాయన చిన్న గొంతుతో.

“తర్వాతేంటి? ఇప్పుడే చెప్పండి!”

గల్లాపెట్టె దగ్గర కొట్టాయన భార్య లేచి నిలబడింది. ఏళ్ళ తరబడి దిగమింగుకున్నదంతా ఆవిడ ముఖంలోకి వచ్చేసింది.

“అడ్రస్ కావాలా? రా, చూపిస్తాను.”

“వద్దే! నీకు దణ్ణం పెడతాను, వద్దు!” అని కొట్టాయన అడ్డం వెళ్ళేలోపే ఆవిడ తెర లాగేసింది.

సామాను గదిలో అన్ని అరలూ ఖాళీ చేసేశారు. ఒక్క అర మాత్రం నిండుగా ఉంది. దాని మీద బూట్లు రెండేసి రెండేసి వరసగా పెట్టి ఉన్నాయి. ప్రతి రెండింట్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది ఎడమది, పెద్దది కుడిది. ఈ చివర అరచేతిలో పట్టేంత నీలం బూట్లు, ఆ చివర పోయినేటి నల్లవి. దుమ్ము దులిపి ఉన్నాయి. ఒక్కదానికీ మడత పడలేదు.

“ఒంటికాలి బూటు ఎవడు కొంటాడమ్మా?” అంది కొట్టాయన భార్య. “నువ్వు ఎంతిస్తానంటే అంతే పుచ్చుకున్నాడు. చెప్పవయ్యా అంటే, పిల్ల వింటోందిగా అనేవాడు.”

పిచ్చుక వాళ్ళమ్మ ఆ బూట్లని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తను ఏటా ఏ మాటతో ఈ ముసలాయన మెడ వంచిందో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఆ అబద్ధాన్నే పట్టుకుని ఆయన దగ్గర రేటు తగ్గించింది. సిగ్గేసింది, బాధేసింది. కానీ అది ఇప్పుడు చూసుకునే సంగతి కాదు. తిరిగి చూస్తే పక్కన పిల్ల లేదు.

పిచ్చుక అర దగ్గరికి వెళ్ళింది. నీలం బూట్లని ముట్టుకుంది. పక్కవాటిని ముట్టుకుంది. అన్నీ ఆ పిల్లకి తెలిసినవే.

“ఒక్కసారి కూడా ఎవరూ తొడుక్కోలేదా తాతా?”

కొట్టాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. “నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను తల్లీ. ఆ తర్వాత ఎలా చెప్పాలో తెలియలేదు.”

పిచ్చుక గుడ్డసంచి విప్పింది. లోపలి రెండు బూట్లని తీసి, వరస చివర తిన్నగా సర్దింది. సంచి మడిచి తల్లికి ఇచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే తల్లికి కాస్త తేలిగ్గా ఉండేది.

“అయితే అప్పుడు నేను గులాబీవి తీసుకోవాల్సింది” అంది.

పిచ్చుక వాళ్ళమ్మ కొట్టాయన చెయ్యి పట్టేసుకుంది. “అవి ఉన్నాయా బాబాయ్? ఆ పువ్వువి? ఎంతైనా సరే. మీరెంతంటే అంత ఇస్తాను.” పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.

“ఆ ఏడే అమ్ముడైపోయాయి అమ్మాయ్. ఉన్నా, ఇప్పుడీ కాళ్ళకి పట్టవు.”

ఆయన కింద చతికిలబడ్డాడు. పిచ్చుక పాదాలు ఒళ్ళోకి తీసుకుని, పెద్ద దుకాణం బూట్లు విప్పాడు. మడమ మీద పుండు చూసి గాలి ఊదాడు. సర్దేసిన పెట్టెలో వెతికి తోలుముక్కలు తెచ్చి, కొలిచి కత్తిరించి, లోపల అతికించాడు. మళ్ళీ తొడిగి, ముడి వేశాడు.

“గుమ్మం దాకా నడిచి రా తల్లీ.”

పిచ్చుక గుమ్మం దాకా నడిచింది. అక్కడ కాసేపు ఆగి వీధిలోకి చూసింది. తర్వాత వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడింది.

“సరిపోయాయా?”

పిచ్చుక బూట్ల వంక చూసుకుంది.

“నాకు సరిపోయాయి తాతా” అంది.